పళ్ళ డాక్టరు గారి పదకొండో సంపుటం

ఆ ఈమెయిల్ మా అత్తగారి స్పామ్ ఫోల్డర్‌లో పన్నెండు రోజులు పడి ఉంది. పడి ఉండక ఏం చేస్తుంది? "మీరు ఫలానా వారి వారసులని తెలిసింది, మీ తాతగారి వస్తువు ఒకటి మా దగ్గర ఉంది, దయచేసి సంప్రదించండి" అని ముక్కూ మొహం తెలియని వాళ్ళ దగ్గర్నుంచి వస్తే ఎవరైనా ఏమనుకుంటారు? లాటరీ తగిలింది, బ్యాంకు నంబరు పంపండి అనే బాపతే అనుకుంటారు. ఆవిడ దాన్ని నాకు పంపిస్తూ "మోసమే కదా?" అని ఒక్క ముక్క రాశారు.

మోసం కాదు. కింద ఉన్నది బెర్లిన్‌లో ఒక పెద్ద లైబ్రరీ చిరునామా. వాళ్ళ దగ్గర ఒక పుస్తకం ఉంది. 20 సంపుటాల విజ్ఞాన సర్వస్వంలో పదకొండోది. మిగతా పందొమ్మిదీ ఏమయ్యాయో తెలియదు. అట్ట లోపలి వైపు ఒక రబ్బరు స్టాంపు: డాక్టర్ ఫలానా, పళ్ళ వైద్యుడు, షార్లొటెన్‌బుర్గ్, బెర్లిన్. ఆయన మా అత్తగారికి తాతగారు, అంటే వాళ్ళమ్మ నాన్న. యూదులు కాబట్టి 1943 మార్చిలో నాజీలు ఆయన్నీ భార్యనీ బెర్లిన్ నుంచి ఔష్విట్జ్ మృత్యుశిబిరానికి తరలించారు. ఇద్దరూ తిరిగి రాలేదు.

నాది తెనాలి. హైదరాబాదులో ఉద్యోగం చేసే రోజుల్లో బంజారా హిల్స్‌లోని గోథే సెంటర్‌లో సాయంత్రాలు జర్మన్ నేర్చుకున్నాను. ఆ చదువు పట్టుకుని బెర్లిన్ వచ్చాను, ఇక్కడే మా ఆయన పరిచయమయ్యారు. ఆయనది ఇంగ్లండులో లీడ్స్. ఆయన అమ్మమ్మ మాత్రం పుట్టింది బెర్లిన్‌లోనే. 1939లో, పదమూడో ఏట, ఒక్కతే రైలెక్కి ఇంగ్లండు వెళ్ళింది. హిట్లర్ నుంచి యూదు పిల్లల్ని తప్పించడానికి నడిపిన ఆ రైళ్ళని కిండర్‌ట్రాన్స్‌పోర్ట్ అంటారు. 1938 డిసెంబరు నుంచి యుద్ధం మొదలయ్యేదాకా దాదాపు పదివేల మంది పిల్లలు అలా అమ్మానాన్నల్ని స్టేషన్లో వదిలి వెళ్ళారు. ఆ తర్వాత ఆవిడ ఇంట్లో జర్మన్ మాట్లాడలేదు, పిల్లలకి నేర్పలేదు. చివరికి ఈ బెర్లిన్ కుటుంబంలో జర్మన్ చదవడం వచ్చింది తెనాలి కోడలికి ఒక్కదానికే. కాగితాల పనంతా నా నెత్తిన పడింది అందుకే.

అమ్మకి ఫోన్‌లో చెప్తే మొదటి ప్రశ్న, "ఇంతకీ ఎంతొస్తుందే?" అని. తప్పేం లేదు, ఇక్కడ ఆఫీసులో వాళ్ళూ అదే అడిగారు, కాకపోతే కాస్త తిప్పి అడిగారు. హిట్లర్ కాలంలో యూదుల దగ్గర దోచుకున్నవి వెనక్కి రావడం అనగానే అందరికీ ఆస్ట్రియా చిత్రకారుడు క్లిమ్ట్ గీసిన ఆ బంగారు రంగు చిత్రమే గుర్తొస్తుంది. అడెల్ బ్లాక్-బావర్ బొమ్మ. ఆవిడ తోబుట్టువు కూతురు మరియా ఆల్ట్‌మన్ అమెరికా సుప్రీంకోర్టుదాకా వెళ్ళి, 2006లో ఆస్ట్రియా దగ్గర్నుంచి దాన్ని రాబట్టుకుంది. తర్వాత అది 135 మిలియన్ డాలర్లకు అమ్ముడుపోయిందని అప్పట్లో పేపర్లన్నీ రాశాయి. లేదంటే మ్యూనిక్‌లో గుర్లిట్ అనే ముసలాయన ఫ్లాట్‌లో వందల కొద్దీ చిత్రాలు బయటపడిన సంగతి, 2013లో. నేను అమ్మతో, "మాది పుస్తకం అమ్మా, అదీ ఒకటే. పాత పుస్తకాల కొట్టులో పది యూరోలు ఉంటుందేమో" అన్నాను. కాసేపు ఆగి, "మరి ఇంత హడావిడి దేనికి?" అంది. ఆ ప్రశ్నకి అప్పుడు నా దగ్గర జవాబు లేదు.

దోచుకున్న వాటిలో క్లిమ్ట్‌లు ఎన్ని ఉంటాయి? దోపిడీ జరిగింది చెంచాల దగ్గర్నుంచి. 1939 ఫిబ్రవరిలో ఒక ఉత్తర్వు వచ్చింది: యూదులు తమ దగ్గరున్న బంగారం, వెండి, రత్నాలు రెండు వారాల్లో అప్పగించాలి. పెళ్ళి ఉంగరం ఉంచుకోవచ్చు, మనిషికింతని నాలుగు ముక్కల భోజన సామగ్రి ఉంచుకోవచ్చు. అప్పగించాల్సింది ఎక్కడనుకున్నారు? ఊళ్ళో సర్కారు వారి తాకట్టు దుకాణంలో. వరసలో నిలబడి, తమ కొవ్వొత్తి స్తంభాలు తామే తూకం వేయించుకుని, విదిల్చిన చిల్లర పుచ్చుకుని, రసీదు తీసుకుని రావాలి. రసీదు సంగతి గుర్తు పెట్టుకోండి. ఈ దొంగలకి రసీదులంటే ప్రాణం.

మా పుస్తకం కూడా ఆ తాకట్టు దుకాణం దారినే వచ్చింది. 1943లో బెర్లిన్ నగర లైబ్రరీ ఆ సంస్థ దగ్గర నలభై వేలకు పైగా పుస్తకాలు కొన్నది. తరలించిన యూదుల ఇళ్ళలోంచి ఖాళీ చేసినవన్నమాట. వాటిలో కొన్నిటిని ఎక్కించిన చిట్టాకి పేరు ఒక్క అక్షరమే, ఇంగ్లీషు జె. ఆ అక్షరం యూదు అనే మాటకి అని విడిగా చెప్పనక్కర్లేదు. మిగతావి మూటల్లోనే ఉండి, యుద్ధం అయిపోయాక ఏళ్ళ తరబడి ఒక్కొక్కటే బీరువాల్లోకి ఎక్కాయి. మా సంపుటం మొదటి పేజీ మీద పెన్సిల్‌తో జర్మన్‌లో చిన్న మాట ఉంది: "బహుమతి". ఎవరు ఎవరికిచ్చిన బహుమతో! లైబ్రరీలో ఈ పని చూసే ఆవిడ ఆ మాట మీద వేలుపెట్టి, ఏమీ అనకుండా నా వైపు చూసింది.

ఆవిడ పని పేరు ప్రొవెనెన్స్ పరిశోధన. పెద్ద మాటలా ఉంది కానీ మనకి తెలిసిందే. స్థలం కొనేటప్పుడు లింకు డాక్యుమెంట్లు అడుగుతామే, అదే ఇది. ఎవరి నుంచి ఎవరికి, ఏ సంవత్సరం, ఏ కాగితం మీద. 1933కీ 1945కీ మధ్య లింకు తెగిందంటే అక్కడ తవ్వాలి. పుస్తకమైతే అట్ట మీద స్టాంపు, సంతకం, బహుమతి రాత, చించేసిన లేబుల్ తాలూకు జిగురు మరక, అన్నీ ఫోటో తీసి అందరికీ కనపడేలా డేటాబేసులో పెడతారు. మావాళ్ళని ఎలా పట్టుకున్నారంటే, పదేళ్ళ కిందట మా అత్తగారు ఆ ఇంటి ముందు పేవ్‌మెంట్ మీద రెండు ఇత్తడి రాళ్ళు వేయించారు. గుంటర్ డెమ్నిగ్ అనే కళాకారుడు మొదలుపెట్టిన పని ఇది. పది సెంటీమీటర్ల చదరపు రాయి, పైన పేరు, పుట్టిన ఏడు, తరలించిన తేదీ. యూరప్ అంతా ఉన్నాయి. ఆ రాళ్ళు వేయించేవాళ్ళ దగ్గర అత్తగారి చిరునామా ఉంది. అలా దొరికారు.

పుస్తకం తీసుకుని సంతకం పెట్టేస్తే అయిపోయేది. కానీ ఈ సంగతంతా ఫోన్‌లో చెప్పాక మా అత్తగారు నెమ్మదిగా అడిగారు: "వాళ్ళకి పెయింటింగ్ సంగతి ఏమైనా తెలుసా?"

ఆ పెయింటింగ్ మాట ఇంట్లో అందరూ విన్నదే. అమ్మమ్మగారు బెర్లిన్ గురించి చెప్పేవే రెండు మూడు ముక్కలు, అందులో ఇదొకటి. హాల్లో పియానో మీద గోడకి ఒక తైలవర్ణ చిత్రం. నది, ఒడ్డున పడవలు, ఎడమ వైపు ఎర్ర పెంకుల ఇల్లు. ఎవరు గీశారో తెలియదు. అంతే. ఆవిడ 2009లో పోయారు.

సరే, వెతుకుదాం అన్నాను. అలా అన్నప్పుడు నాకు సంగతి తెలియదు.

మొదట వెళ్ళింది పోట్స్‌డామ్ శివారు గోల్మ్‌లో ఉన్న బ్రాండెన్‌బుర్గ్ రాష్ట్ర పత్రాగారానికి. బెర్లిన్‌లో యూదుల ఆస్తి జప్తు చేసి అమ్మిన పన్నుల శాఖ ఫైళ్ళు అక్కడున్నాయి, నలభై వేలకు పైగా. దోచుకున్నది గూండాలు కాదు, పన్నుల గుమాస్తాలు. ఒక్కో కుటుంబానికి ఒక్కో ఫైలు. ఇప్పుడు చాలావరకు ఇంట్లో కూర్చునే కంప్యూటర్లో చూడొచ్చట. నేను అసలు కాగితమే చూస్తానని పట్టుబట్టి వెళ్ళాను. పెన్ను లోపలికి రానివ్వరు, పెన్సిలే.

ఫైలు పల్చగా ఉంది. పైన ముదురు ఎరుపు అట్ట. లోపల మొదటిది పదహారు పేజీల ఆస్తి ప్రకటన. తరలించే ముందు ప్రతి కుటుంబం చేతా నింపించేవారు. అచ్చు వేసిన ఫారం, ఎడమ పక్క వస్తువు పేరు, కుడి పక్క ఎన్ని, విలువెంత. రాత మన పాత దస్తావేజుల గొలుసుకట్టు రాతలాంటిది, ఇక్కడివాళ్ళే చాలామంది చదవలేరు. నేను నేర్చుకున్న జర్మన్ అక్కడ ఎందుకూ పనికిరాలేదు. పక్క టేబుల్ దగ్గర కూర్చున్న ఒక పెద్దాయన, రిటైరైన హిస్టరీ మాస్టారట, నా తిప్పలు చూసి కుర్చీ లాక్కుని వచ్చి కూర్చున్నారు. ఆయన చదువుతుంటే నేను రాసుకున్నాను.

చొక్కాలు, 3. లోపలి బట్టలు, 4 జతలు. మంచాలు, 2. బొగ్గు పొయ్యి, 1. అప్పటికి వాళ్ళు ఆ పెద్ద ఇంట్లో లేరు. ఇంకో రెండు కుటుంబాలతో కలిసి ఒక ఫ్లాట్‌లో ఒకే గదిలో ఉన్నారు. పియానో లేదు. క్లినిక్కు సామాను లేదు, ఎందుకంటే 1939 జనవరి ఆఖరుకే యూదు పళ్ళ డాక్టర్లందరి లైసెన్సులూ రద్దయ్యాయి. అల్లికసూదులు, 2. పుస్తకాలు, ఒక అలమారా. చిత్రాలు, 3.

మాస్టారు ఆ లైను రెండుసార్లు చదివారు. చిత్రాలు, 3. పక్కన విలువ గడిలో ఏమీ రాయలేదు. ఏ చిత్రాలు, ఎవరివి, ఎంత పెద్దవి, ఒక్క ముక్క లేదు.

చివర సంతకం. పుస్తకం మీద స్టాంపులో డాక్టర్ ఫలానా. ఇక్కడ డాక్టర్ లేదు, మధ్యలో ఇజ్రాయెల్ అనే పేరు చేరింది. 1939 జనవరి 1 నుంచి యూదు మగవాళ్ళు ఇజ్రాయెల్ అనీ, ఆడవాళ్ళు సారా అనీ పేరులో కలుపుకోవాలని చట్టం. ఆయన ఆ మాట మిగతా పేరుకన్నా చిన్నగా, దగ్గర దగ్గరగా రాశారు.

ఆ తర్వాతి కాగితాలు చదువుతుంటే ఒళ్ళు మండింది. జప్తు ఉత్తర్వు చేతికిచ్చినట్టు కోర్టు అమీనా సంతకం. గది సామాను లెక్కగట్టిన వాల్యూయర్ జాబితా, దాంతోపాటు ఆయన ఫీజు బిల్లు. పాత సామాన్ల వ్యాపారి అంతా కలిపి కొన్నట్టు రసీదు: పుస్తకాలు ఒక లాటు, 40 మార్కులు, చిత్రాలు 3, కలిపి 15 మార్కులు. పుస్తకాలు ఆ వ్యాపారి దగ్గర్నుంచి తాకట్టు దుకాణానికి ఎలా చేరాయో చెప్పే కాగితం మాత్రం లేదు. దాని వెనక గ్యాస్ కంపెనీ ఉత్తరం, తరలించినవాళ్ళు కట్టకుండా పోయిన ఆరు మార్కుల చిల్లర బాకీ ఆ అమ్మకం డబ్బులోంచి ఇప్పించమని. ఇంటి ఓనరు ఇంకో ఉత్తరం: గదికి సీలు వేసి ఉంచడం వల్ల రెండు నెలలు అద్దె పోయింది, ఆ నష్టం ఎవరిస్తారు? అన్నిటికీ జవాబులున్నాయి, మర్యాదగా, నంబర్లతో సహా. గ్యాస్ బాకీ తీర్చారు. ఓనరుకి అద్దె ఇచ్చారు.

ఇంకో విడ్డూరం చెప్తాను. 1941 నవంబరు 25న వచ్చిన చట్టం ప్రకారం దేశం సరిహద్దు దాటిన యూదుడి పౌరసత్వం పోతుంది, ఆస్తి దానంతటదే సర్కారుకి వచ్చేస్తుంది. బలవంతంగా రైలెక్కించి దాటించినా అంతే, "విదేశంలో నివాసం" కింద లెక్క. కానీ ఔష్విట్జ్ ఉన్నది పోలండు నుంచి లాక్కుని జర్మనీలో కలిపేసుకున్న ప్రాంతంలో. కాగితం మీద అది విదేశం కాదు. కాబట్టి అక్కడికి పంపేవాళ్ళ ఆస్తికి ఆ చట్టం చాలదు, 1933 నాటి ఇంకో చట్టం కింద "దేశద్రోహుల ఆస్తి" అని విడిగా ఉత్తర్వు రాసి, అమీనాతో చేతికి ఇప్పించాలి. చంపడానికి పంపేవాళ్ళకి నోటీసు సరిగ్గా అందిందా లేదా అని జాగ్రత్తపడ్డారు. మాస్టారు ఇది విడమరిచి చెప్పి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నేను బయటికెళ్ళి మెషీన్ కాఫీ తెచ్చుకున్నాను.

రైల్లో వెనక్కి వస్తుంటే తట్టింది. మా వాళ్ళ ఇంట్లో ఎన్ని మంచాలున్నాయో, ఎన్ని చొక్కాలున్నాయో ఇవాళ మాకు తెలుస్తోందంటే దొంగ రాసుకున్న లెక్క వల్లే. వాళ్ళ వైపు నుంచి ఒక్క కాగితం మిగల్లేదు. ఫోటోలు నాలుగు, పిల్ల సూట్‌కేసులో వచ్చినవి. ఇప్పుడు చిత్రం మాదేనని రుజువు చూపించమంటే, దొంగ చిట్టాయే చూపించాలి. అందులో ఏమో "చిత్రాలు, 3".

తర్వాత వారసత్వం తతంగం. మన దగ్గర తహసీల్దారు ఆఫీసులో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కోసం తిరిగినవాళ్ళకి ఇది కొత్తగా ఉండదు. ఇక్కడ దాన్ని ఎర్బ్‌షైన్ అంటారు, కోర్టు ఇస్తుంది. పుస్తకానికి లైబ్రరీ అంత పట్టుబట్టలేదు. విలువ తక్కువ కాబట్టి వారసుల్లో ఒకరు సంతకం పెట్టి, మిగతావాళ్ళు రేపు అడిగితే నాదే పూచీ అని రాసిస్తే చాలన్నారు. కానీ చిత్రం ఎప్పటికైనా దొరికితే ఎర్బ్‌షైన్ లేకుండా ఎవరూ మాట్లాడరని ఒక వకీలు చెప్పాడు. ఫీజు పుచ్చుకుని చెప్పాడు. సరే, మొదలుపెట్టాం.

అమ్మమ్మగారికి ఒక అన్న ఉండేవారు, 1936లో పాలస్తీనా వెళ్ళిపోయారు. ఆయన పిల్లల్లో ఒకరు హైఫాలో, ఒకరు మెల్‌బోర్న్‌లో. ఈ రెండు శాఖలకీ ఇరవై ఏళ్ళుగా మాటల్లేవు, ఎందుకో ఎవరూ సరిగ్గా చెప్పరు. నోటరీ సంతకాలు, పరాయి దేశంలో చెల్లడానికి వేయించే అపోస్టిల్ ముద్రలు, ప్రమాణం చేసిన అనువాదకులు. అమ్మమ్మగారి జనన ధ్రువపత్రం తెప్పిస్తే, పక్క మార్జిన్‌లో 1939లో "సారా" అని చేర్చినట్టు ఒక నోటు, దాని కింద యుద్ధం తర్వాత ఆ నోటు రద్దు చేసినట్టు ఇంకో నోటు. ఇంగ్లండు పెళ్ళి పత్రంలో ఇంటిపేరు ఒక అక్షరం తేడా, జర్మన్ చుక్కల అక్షరాన్ని ఇంగ్లీషువాళ్ళు విడదీసి రాశారు. "ఇద్దరూ ఒకరేనని నిరూపించండి" అని ఒక ఆఫీసు ఉత్తరం రాసింది. టెన్త్ సర్టిఫికెట్లో ఒక పేరు, ఆధార్‌లో ఒక పేరు ఉన్న దేశం నుంచి వచ్చినదాన్ని, నాకు కోపం కూడా రాలేదు. అఫిడవిట్ రాయించాం.

ఏడు నెలలయ్యాయి. ఆ వకీలు ఇంకో బిల్లు పంపాడు.

అప్పుడు ఆ లైబ్రరీ ఆవిడ మాటల్లో మాటగా అడిగింది: "మీ అమ్మమ్మగారు యాభైల్లో నష్టపరిహారానికి దరఖాస్తు పెట్టలేదా? ఆ ఫైలు చూశారా?" యుద్ధం తర్వాత పశ్చిమ జర్మనీ చట్టాలు చేసి పరిహారాలు ఇచ్చింది కదా, ఆ ఫైళ్ళు బెర్లిన్‌లో ఫెర్‌బెల్లినర్ ప్లాట్జ్ దగ్గరి నష్టపరిహార కార్యాలయంలో ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. దరఖాస్తు పెట్టాను. కొన్ని వారాల తర్వాత ఫైలు చూపించారు. రెండో కాగితం: ఎర్బ్‌షైన్. 1955లో జారీ అయింది. కోర్టు ముద్రతో సహా. అన్నాచెల్లెళ్ళిద్దరికీ చెరి సగం.

నేను నవ్వానో ఏడ్చానో గుర్తులేదు. ఎవరైనా ఈ పని మొదలుపెట్టబోతుంటే దయచేసి ముందు పరిహారం ఫైలు అడగండి, వకీలు సంగతి తర్వాత చూసుకోవచ్చు. 1955 నుంచి ఇప్పటి వారసులదాకా ఉన్న కాగితాలే కొత్తగా కావాలి, అంతకుముందువి అక్కరలేదు.

ఆ ఎర్బ్‌షైన్‌లో ఇద్దరి మరణ తేదీ 1945 మే 8 అని ఉంది. మొదట అర్థం కాలేదు. ఔష్విట్జ్‌లో ఎవరు ఏ రోజు పోయారో చెప్పే కాగితం చాలామందికి లేదు. కాగితం లేకపోతే వారసత్వం లేదు. కాబట్టి కోర్టులు ఒక తేదీ ఖాయం చేసేవి, మామూలుగా యుద్ధం ముగిసిన రోజు. ఆ లెక్కన మా వాళ్ళిద్దరూ జర్మనీ లొంగిపోయేదాకా బతికి, ఆ రోజే పోయారు. అత్తగారికి ఇది అనువదించి చెప్తే, "రెండేళ్ళు ఎక్కువ ఇచ్చారన్నమాట" అన్నారు.

అదే ఫైల్లో అమ్మమ్మగారి స్వదస్తూరీతో ఇంటి సామాను జాబితా ఉంది. అప్పటికి ఆవిడకి ముప్ఫై కూడా లేవు. జర్మన్‌లోనే రాశారు, కానీ అది పదమూడేళ్ళ పిల్ల జర్మన్. అక్కడే ఆగిపోయిన భాష. పియానో, నల్లది. తివాచీ, ఎరుపు, అంచు చిరిగింది. తైలవర్ణ చిత్రం, నది, పడవలు, ఎడమ పక్క ఇల్లు. చిత్రకారుడు: తెలియదు. ఆ "తెలియదు" కింద ఎవరో గుమాస్తా నీలం పెన్సిల్‌తో గీత గీశాడు. పదమూడేళ్ళ పిల్లకి గోడ మీద బొమ్మ ఎవరు గీశారో ఎలా తెలుస్తుంది? నాకు మా తెనాలి ఇంట్లో హాల్లో క్యాలెండరు ఏ కంపెనీదో గుర్తులేదు. మొత్తం సామానంతటికీ కలిపి ఏకమొత్తంగా ఇంతని ఇచ్చి ఫైలు మూసేశారు. చిత్రానికి విడిగా ఏమీ లేదు.

మధ్యలో మా ఆయన ఒక మంచి ప్రశ్న వేశారు, "పరిహారం తీసుకున్నాం కదా, ఇప్పుడు వస్తువు తీసుకుంటే తప్పా?" అని. తప్పు కాదు. పెద్ద విలువైన వస్తువైతే అప్పుడు దానికిచ్చిన పరిహారం తిరిగి కట్టమంటారు. పుస్తకానికి ఆ మాటే రాలేదు.

ఇక చట్టం సంగతి. జర్మనీ సివిల్ కోడ్ ప్రకారం ముప్ఫై ఏళ్ళు దాటితే కాలదోషం. 1943లో పోయిన వస్తువుకి కోర్టులో దావా వేయడానికి ఎప్పుడో గడువు అయిపోయింది. మరి లైబ్రరీ ఎందుకిస్తోంది? 1998 డిసెంబరులో వాషింగ్టన్‌లో 44 దేశాలు కూర్చుని 11 సూత్రాలు ఒప్పుకున్నాయి: వెతకాలి, బయటపెట్టాలి, న్యాయంగా ఒక పరిష్కారం చేసుకోవాలి. ఇవి చట్టం కాదు, నైతికంగా ఇచ్చిన మాట. మరుసటి ఏడాది జర్మనీ తన సర్కారు మ్యూజియంలూ లైబ్రరీలూ ఇలా చేస్తాయని ప్రకటించింది. సర్కారు సంస్థల వరకే. మా నది చిత్రం అప్పుడు కొన్నవాళ్ళ మనవడి డ్రాయింగ్ రూములో ఎక్కడో ఉంటే, ఆ మనవడు ఇవ్వనంటే, మేం చేయగలిగేది చాలా తక్కువ. లింకు డాక్యుమెంట్లు లేని చిత్రాన్ని పేరున్న వేలంశాలలు అమ్మడానికి వెనకాడతాయి, ఆ ఒక్కటే బలం. అందుకే మాగ్డెబుర్గ్‌లో ఉన్న జర్మన్ కేంద్రం నడిపే లాస్ట్ ఆర్ట్ డేటాబేసులో "వెతుకుతున్నాం" అని నమోదు చేయించుకోవాలి. అమ్మకానికి వచ్చినప్పుడు అందులో చూస్తారు.

పుస్తకం అప్పగించిన రోజు అత్తగారు లీడ్స్ నుంచి వచ్చారు. డెబ్బై దాటిన మనిషి, మోకాలి నొప్పి. పెద్ద సభ ఏమీ కాదు. ఒక చిన్న గది, బల్ల, నీళ్ళ సీసాలు, లైబ్రరీ వాళ్ళు ముగ్గురు. "మేం ఇస్తున్నాం అనటం లేదు, తిరిగిస్తున్నాం" అన్నారు వాళ్ళలో పెద్దాయన. సంతకాలయ్యాయి. కేటలాగులోంచి తీసేసినట్టు పుస్తకం మీద ఒక ముద్ర వేశారు, అత్తగారి అనుమతి అడిగి మరీ.

ఎల్ అక్షరం మొదలయ్యే సంపుటం కాబట్టి లండన్ అందులో ఉంటుందని నాకు ముందే తట్టింది. పిల్లని పంపే ముందు ఆ పేజీ చూసే ఉంటారు, ఏదైనా గీత, మరక ఉంటుందేమోనని ఆశ. అత్తగారికీ అదే ఆలోచన ఉన్నట్టుంది, నేరుగా ఆ పేజీకే తిప్పారు. ఏమీ లేదు. తెల్లగా, కొత్త పుస్తకంలా ఉంది. ఇంకాస్త ముందుకి తిప్పితే రైలింజను బొమ్మల మడత పేజీ వచ్చింది. అది మాత్రం నలిగి, మడత దగ్గర సగం చిరిగి, అంచులు వేళ్ళ జిడ్డుతో నల్లబడి ఉంది. చిరుగుకి వెనక నుంచి అతికించింది కాగితం కాదు, గుడ్డ. ముతక నేత, పసుపు రంగుకి తిరిగింది. లైబ్రరీ ఆవిడ వంగి చూసి, "మెడికల్ ప్లాస్టర్" అంది. గాయాలకి వేసే పట్టీ. క్లినిక్కులోంచి తెచ్చి వేసినట్టున్నారు, నాలుగు అంగుళాలు, అంచులు కత్తెరతో తీరుగా కత్తిరించి.

అత్తగారు దాని మీద వేలు పెట్టి ఉంచారు. కాసేపటికి, "రైలింజన్ల పిచ్చి మామయ్యది అయ్యుంటుంది" అన్నారు. ఆ సాయంత్రం ఆ పేజీ ఫోటో ఆవిడే హైఫాకి పంపారు. జవాబు రాత్రి పదకొండింటికి వచ్చింది, హీబ్రూలో, పొడుగ్గా. అందులో ఏముందో నాకు చెప్పలేదు, నేను అడగలేదు.

మర్నాడు ఆదివారం. ఇడ్లీ పెట్టాను, అత్తగారికి మా అమ్మ కారప్పొడి ఇష్టం. తిన్నాక లాప్‌టాప్ తెచ్చి లాస్ట్ ఆర్ట్ ఫారం తెరిచాను. వస్తువు రకం: చిత్రం. మాధ్యమం: తైలవర్ణం. చిత్రకారుడు: తెలియదు. వర్ణన: నది, పడవలు, ఎడమ పక్క ఎర్ర పెంకుల ఇల్లు. పోయిన పరిస్థితి: రాశాను. తర్వాతి గడిలో కొలతలు, సెంటీమీటర్లలో.

"కొలత ఏం రాయను అత్తయ్యా?"

ఆవిడ కాసేపు కిటికీలోంచి చూశారు. తర్వాత రెండు చేతులూ ముందుకి చాపి, అరచేతులు ఎదురెదురుగా పెట్టారు. "అమ్మ చెప్పేటప్పుడు ఎప్పుడూ ఇలా చూపించేది." కొంచెం దగ్గరికి జరిపారు, మళ్ళీ కొంచెం దూరం. "ఇలా."

మా ఆయన సొరుగులోంచి టేపు తెచ్చారు. ఆవిడ చేతులు కదపకుండా అలాగే ఉంచారు, కొద్దిగా వణుకుతున్నాయి. టేపు ఈ అరచేతి నుంచి ఆ అరచేతికి పట్టుకుంటే డెబ్బై నాలుగు వచ్చింది. వెడల్పు గడిలో "సుమారు 74" అని రాశాను. ఎత్తు ఖాళీగా వదిలి పంపించాను.